చెకుముకి కడ్డీ, నంబరు బిళ్ళ

పెళ్ళయి నాలుగు నెలలు దాటినా ఆఫీసులో అందరూ ఆమెను పెళ్ళికూతురనే పిలుస్తున్నారు. వేళాకోళంగా మొదలైన పిలుపు వాడగా వాడగా పేరైపోయింది. ఎవరైనా ఫోను చేసి "స్టోరులో పెళ్ళికూతుర్ని పిలుస్తారా" అని అడిగితే, ఎత్తినవాళ్ళు కొత్తవాళ్ళయితే రాంగ్ నంబరని పెట్టేస్తారు. ఆమెకు కోపం రాదు. ఈమధ్య ఆమెకు కోపం తెప్పించడం ఎవరి తరమూ కావడం లేదు. మధ్యాహ్నం క్యారియరు మూత బిగుసుకుపోయి రాకపోతే, అది మొగుడు బిగించిన మూత కదా అని తనలో తను నవ్వుకునే రోజులవి.

ఆ ఆఫీసు పని కొండల్లో వాగుల నీళ్ళు కొలవడం. వానలు పడుతున్నప్పుడే కొలవాలి కాబట్టి, లోకమంతా ఇళ్ళలోకి దూరే రోజుల్లో వాళ్ళ జట్టు డేరాలు మోసుకుని బయల్దేరుతుంది. జట్టుకు కావలసిన తాళ్ళు, గెడలు, రబ్బరు బూట్లు, గిన్నెలు, అన్నీ వెనకవైపు రేకుల షెడ్డులో ఉంటాయి. అదే స్టోరు. దానికి పెద్దదిక్కు స్టోరక్క. ఆమె కింద పెళ్ళికూతురు.

ఆ స్టోరుకొక ఆనవాయితీ ఉంది. లోపలికొచ్చిన ఏ వస్తువుకైనా వేలాడుతున్న కంపెనీ బిళ్ళను ముందు కత్తిరించి బిస్కెట్ల డబ్బాలో పడేయాలి. తర్వాత అల్యూమినియం బిళ్ళ మీద అంకెల అచ్చులు పెట్టి, సుత్తితో కొట్టి, ఆ నంబరు బిళ్ళను దానికి కట్టాలి. గరిటెకైనా, గొడుగుకైనా అదే వరస. నంబరు బిళ్ళ లేనిది షెడ్డు గడప దాటడానికి వీల్లేదు. స్టోరక్క మెడకు కూడా ఒకటి కట్టేస్తే ఆమెనూ కొండకు తీసుకుపోవచ్చని డ్రైవరు అంటుంటాడు. స్టోరక్కకు ఆ మాట తెలుసు. అందుకే డ్రైవరుకు ఎప్పుడూ చిల్లు బూట్లే దొరుకుతాయి.

సోమవారం పొద్దున కొలతల సారు స్టోరుకొచ్చి బల్ల మీద మూడు పొట్లాలు పెట్టాడు. ఆయన జట్టుకు నాయకుడు. ఎప్పుడూ నిలబడే మాట్లాడతాడు, మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివాళ్ళ బల్ల మీద వస్తువులు సర్దుతుంటాడు. ఆ మూడూ చెకుముకి కడ్డీలు. ఉక్కుతో గీస్తే నిప్పురవ్వలు రాలతాయి. తడిసినా, గాలి వీచినా పనిచేస్తాయని కొట్టువాళ్ళు చెప్పారు. వాటిలో ఏది నమ్మదగిందో చూసి చెప్పమన్నాడు. తనే ఎందుకని ఆమె అడిగితే, చదువుకున్నదానివి, పైగా కొత్త కాపురం, పొయ్యి వెలిగించడమంటే ఇంకా సరదాగానే ఉంటుంది కదా అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వక తప్పదు కూడా. ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఖాయం చేయమని ఈ నెలాఖరుకు సంతకం పెట్టాల్సింది ఆయనే.

కొత్త కడ్డీ కావలసి వచ్చిన కథ ఆఫీసులో అందరికీ తెలుసు. పోయిన విడత కొండమీద వాన తెరిపి ఇవ్వలేదు. అగ్గిపెట్టెలు నాని ముద్దయ్యాయి, లైటరు నీళ్ళు తాగింది. సరిగ్గా అలాంటి అవసరానికని కొన్న చెకుముకి కడ్డీని వంట బాబాయి గీకాడు, గీకాడు, ఒక్క రవ్వ రాలలేదు. జట్టంతా చల్లటి నీళ్ళలో బిస్కెట్లు ముంచుకుని తిని, ఒకరి తర్వాత ఒకరు జ్వరపడి, కొలతలు సగంలో వదిలేసి దిగొచ్చారు. అందుకని కొలతల సారు వంట బాబాయిని కొండ పనిలోంచి తీసి ఆఫీసు టీ గదిలో వేశాడు. ఈ శనివారం పోయే జట్టుకు వంట డ్రైవరు చూసుకుంటాడన్నాడు. ఆ మాట విని జ్వరం తగ్గినవాళ్ళకు కూడా మళ్ళీ ఒళ్ళు వెచ్చబడింది.

సారు వెళ్ళిన కాసేపటికి వంట బాబాయి కొండ పెట్టె అప్పజెప్పడానికి వచ్చాడు. బక్కపలచని మనిషి. జేబురుమాలు ఎప్పుడూ భుజం మీదే ఉంటుంది. పెట్టెలోంచి ఒక్కొక్క గిన్నే తీసి, అడుగు తుడిచి, చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాడు. మడత పొయ్యిని విప్పి, మూసి, మళ్ళీ విప్పి చూపించాడు. అన్నిటికంటే చివర గుడ్డలో చుట్టిన కడ్డీ తీశాడు. చిటికెనవేలంత లావు, చెక్క పిడి, దానికి వేలాడుతూ నంబరు బిళ్ళ. కడ్డీ కొన్ననాటిలాగే నల్లగా ఉంది. ఆయన కుడిచేతి బొటనవేలికి మాత్రం గుడ్డ పేలిక చుట్టి ఉంది.

"దానికీ నాకూ పడలేదమ్మాయ్" అన్నాడు. "ఎవరిని అని ఏం లాభం."

ఇంకో మాట కూడా అన్నాడు, గిన్నెల వైపు చూస్తూ. సారు రాయి కాదట. తప్పు కడ్డీదేనని తేలితే మళ్ళీ ఆలోచిస్తానని చెప్పాడట. కొత్తవి చూసేది నువ్వేనట కదా, అని ఆగాడు.

ఆమె కడ్డీని పనికిరానివి పెట్టే పై అరలో పడేసింది. ఇంకా స్టోరు లెక్కకెక్కని మూడు పొట్లాలనూ సంచీలో వేసుకుంటూ, వీటిలో ఒకటి సరిగ్గా ఆ రకమేనని చూసింది. అది పనిచేయకపోతే చాలు. బాబాయి మళ్ళీ కొండెక్కుతాడు. అంత తేలికైన పని తనకు అప్పజెప్పినందుకు ఆమెకు దారి పొడుగునా సంతోషంగానే ఉంది.

*

వాళ్ళది మేడమీద ఒంటి గది. గది చిన్నదైనా, బయట డాబా అంతా వాళ్ళదే. డాబా మీద ఇంటావిడ బట్టల తీగ ఉంది కాబట్టి పూర్తిగా వాళ్ళదని అనడానికి లేదు. మొగుడు బడిలో ఆటల మాష్టారు. మెడలో ఈల లేకుండా ఆయన ఫొటో ఒక్కటి కూడా లేదు. పెళ్ళి ఫొటోలో కూడా దండల మధ్య నుంచి తాడు కనిపిస్తుంది. ఆరుబయట పనంటే తనకు కొట్టిన పిండని ఆయన నమ్మకం.

"స్టోరుగారూ, మీరలా కూర్చుని చూడండి" అన్నాడు చొక్కా చేతులు మడుచుకుంటూ.

ఆమె ఇటుకల మధ్య ఇనప మూకుడు పెట్టి, దూదికి వాజెలీను రాసి, చిన్న ఉండలు చేసి అందులో పెట్టింది. వాన కావాలి కదా. చెంబులో నీళ్ళు తెచ్చి వేళ్ళతో చిలకరించింది. మొగుడి మీద కూడా చిలకరించింది. కొండమీద మనిషి కూడా తడుస్తాడు కదా అంది.

మొదటిది సన్నటి కడ్డీ. ఎర్రటి ప్లాస్టిక్ పిడి, పిడి చివర బుల్లి ఈల. మాష్టారు ముందు ఈల ఊదాడు. కింద ఇంటావిడ కిటికీ తెరిచి, పైకి చూసి, మూసుకుంది. ఈల బ్రహ్మాండంగా ఉందన్నాడు. కడ్డీ గీస్తే రవ్వలు వచ్చాయి గానీ పొట్టిగా, పిరికిగా, దూది దాకా పోకముందే ఆరిపోయాయి. ఇంకాస్త ఊపుగా గీసేసరికి తడి చేతిలోంచి పిడి జారి, వేలి కణుపు మూకుడు అంచుకు రాసుకుంది. ఆయన ఏమీ కానట్టు మొహం పెట్టాడు. ఆమె వేలు పట్టుకుని ఊదింది. పరీక్ష కాసేపు ఆగింది.

రెండోది ఒంటిచేత్తో వాడేది. గొట్టంలో స్ప్రింగు, నొక్కితే లోపలి కడ్డీ కిందికి దిగుతూ రవ్వలు చిమ్ముతుంది. ముద్దొచ్చేలా ఉంది. మొదటి దూది ఉండ ఠక్కున అంటుకుంది. రెండోదీ అంటుకుంది. మూడోసారికి వాజెలీను జిడ్డు గొట్టంలోకి పోయి, స్ప్రింగు దిగినది దిగినట్టే ఉండిపోయింది. మాష్టారు సూదితో, అగ్గిపుల్లతో, చివరికి తన ఇంటి తాళంచెవితో కుళ్ళగించాడు. తాళంచెవి వంకర పోయింది.

ఇక మూడోది, చెక్క పిడిది. బాబాయి కడ్డీకి తోడబుట్టింది. పిడికి తాడుతో కట్టిన ఉక్కు ముక్కను అరచేతిలో పట్టుకుని మాష్టారు గీకాడు. ఏమీ రాలేదు. మళ్ళీ గీకాడు. రాలేదు. ఆమె గుండెలో చిన్న గంతు. ఇది పనికిరాదు, ఇంక దాచేయండి అంది. ఆయన వినలేదు. పొట్లం మీది బొమ్మలు వెలుతురుకు పట్టి చూశాడు. పైనున్న నల్ల పూత ముందు గీకి తీసేయాలట. ఉక్కు ముక్క అంచుతో గట్టిగా నాలుగు గీతలు గీకగానే నలుపు రాలి, బూడిదరంగు లోహం బయటపడింది. తర్వాత ఆమె తీసుకుంది. బొమ్మలో ఉన్నట్టు ఉక్కు ముక్కను దూది దగ్గర కదలకుండా పట్టి, కడ్డీని వెనక్కి లాగింది.

గుప్పెడు రవ్వలు. ఒకటీ అరా కాదు, తెల్లగా, జేగురుగా, చిటపటలాడుతూ గుప్పెడు. దూది భగ్గుమంది. ఆమె చేతిలో కడ్డీతోనే లేచి చిన్న పిల్లలా ఒక గెంతు గెంతింది. మాష్టారు చెంబుడు నీళ్ళూ కడ్డీ మీద గుమ్మరించాడు. తుడవకుండానే గీసింది. మళ్ళీ గుప్పెడు. ఆయన చేత గీయించింది, ఎడమచేత్తో గీసింది, కళ్ళు మూసుకుని గీసింది. చీకటి పడేదాకా ఇద్దరూ దూది అంతా తగలేశారు. ఆ వెలుగులో ఆయన మొహం చూసి, మనిషికి ఇంతకంటే ఏం కావాలి అనిపించింది ఆమెకు.

అన్నం తింటుండగా గుర్తొచ్చింది. ఇది బాగా పనిచేసిందంటే, తప్పు కడ్డీది కాదు.

ముద్ద నోట్లో పెట్టుకోకుండా కూర్చుంది. ఉప్పు ఎక్కువైందా అని మాష్టారు అడిగాడు. కాదంది.

*

మర్నాడు కొలతల సారుతో ఉన్నదున్నట్టు చెప్పింది. ఈల కడ్డీ జారుతుంది, స్ప్రింగుది జిడ్డు పడితే మొరాయిస్తుంది, చెక్క పిడిది మాత్రం ఎటు తిప్పినా పనిచేస్తుంది. పోయినసారి కొన్న రకమేనని కూడా చెప్పింది. దాచడానికి వీలుంటే దాచేదే గానీ, పొట్లాలు బల్ల మీదే ఉన్నాయి. సారు ఆమె సుత్తిని పక్కకు జరిపి, అచ్చుల పెట్టెను దాని స్థానంలో పెట్టాడు.

"నేను ముందే అన్నాను" అన్నాడు. "కడ్డీ బంగారం. చెయ్యి పాతబడింది."

పూత గీకాలన్న సంగతి బాబాయికి తెలియదేమోనని ఆమె అడిగి చూసింది. తెలియకపోవడమేమిటి, దగ్గరుండి చెప్పాను, తాడుకు వేలాడే ముక్కతో గట్టిగా గీకు, పూత పోతుంది, రవ్వ వస్తుంది అని రెండుసార్లు చెప్పానన్నాడు. మూడోసారి చెప్పే ఓపిక లేక డేరాలో కూర్చున్నాడట. అదే రకానివి ఇంకో రెండు తెప్పించి, నంబర్లు వేసి, శనివారానికి సిద్ధం చేయమన్నాడు. నీ పరీక్ష బాగుంది, పద్ధతైన మనిషివి, నెలాఖరు కాగితం సంగతి నాకు గుర్తుందని కూడా అన్నాడు. ఆయన వెళ్ళాక ఆమె సుత్తిని మళ్ళీ దాని చోట పెట్టింది.

పదకొండింటికి బాబాయి టీ తెచ్చాడు. కొండమీద నలుగురికి వండి వడ్డించే మనిషి, పళ్ళెంలో గ్లాసులు పట్టుకుని గుమ్మాలు తిరుగుతుంటే ఏదోలా ఉంది. లెక్కల గదిలోవాళ్ళు, బాబాయ్, గ్యాసు పొయ్యి వెలిగిందా, సాయం రావాలా అని అడిగారట. ఆయనే చెప్పాడు, నవ్వుతూనే. ఎవరూ చెడ్డవాళ్ళు కాదమ్మా, పొద్దుపోక అంటారు అన్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టి, ఆమె మొహంలోకి ఒక్కసారి చూసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు. కడ్డీ సంగతి అప్పటికే తెలిసిపోయిందన్నమాట.

టీ చాలా బాగుంది. అదే ఇంకా బాధ.

*

గురువారం మధ్యాహ్నం కొట్టునుంచి కొత్త సామాను వచ్చింది. రెండు లాంతర్లు, అరడజను గరిటెలు, తాళ్ళ చుట్టలు, చెకుముకి కడ్డీలు. స్టోరక్క పై అరల దగ్గర బూట్లు లెక్క చూసుకుంటోంది. షెడ్డు రేకుల మీద సన్నటి వాన. పెళ్ళికూతురు కత్తెర ఒక చేతిలో, సుత్తి ఒక చేతి దగ్గర పెట్టుకుని పనిలో పడింది.

ఆ పని ఆమెకిష్టం. చేతులు వాటంతటవే నడుస్తాయి. లాంతరు తీయడం, వేలాడే కంపెనీ బిళ్ళను కత్తిరించడం, డబ్బాలోకి విసరడం, నంబరు బిళ్ళ మీద టక్, టక్, టక్ మని మూడంకెలు కొట్టడం, కట్టడం. మనసు ఎక్కడైనా తిరిగి రావచ్చు. ఆమె మనసు డాబా మీదికి పోయి, మూకుడు పక్కన కూర్చుంది. ఆదివారం మళ్ళీ వెలిగించుకుని, దాని మీదే ఏదైనా వండుకు తిందామని మాష్టారు అన్నాడు. ఇంటావిడను కూడా పిలుద్దామా, ఈల గురించి క్షమిస్తుంది. లాంతరు అయింది, గరిటె అయింది, ఇంకో గరిటె. కడ్డీ తీసింది, తాడు కత్తిరించింది, బిళ్ళ డబ్బాలోకి విసిరింది.

ఖంగుమంది.

అట్ట బిళ్ళలు డబ్బాలో పడితే చప్పుడుండదు. రేకు బిళ్ళలు చిటుక్కుమంటాయి. ఇది ఇంకో రకంగా మోగింది, బరువుగా, తేటగా. ఆమె చేతులు ఆగిపోయాయి. డబ్బాలోకి చూసింది. పైన పడి ఉంది, ఉక్కు ముక్క. ఒక చివర తాడుకు బెజ్జం, నడుమ కంపెనీ పేరు చెక్కి, అచ్చం కంపెనీ బిళ్ళలాగే. మొన్న సాయంత్రం అరచేతిలో పట్టుకుని గుప్పెళ్ళకు గుప్పెళ్ళు రవ్వలు రాల్చిన ముక్క ఇలాంటిదే.

డబ్బాను బల్ల మీద బోర్లించింది. అట్టలు, రేకులు, ప్లాస్టిక్ ముక్కలు, వాటి మధ్య ఆ ఉక్కు ముక్కకు తోడు ఇంకొకటి. దానికీ అదే పేరు చెక్కి ఉంది, అంచు కొత్తగా, ఒక్క గీతైనా లేకుండా.

స్టూలెక్కి పై అరలోంచి పాత కడ్డీ దింపింది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూస్తే అది కొన్ననాటిలా ఏమీ లేదు. నలుపు మీద పై నుంచి కింది దాకా వెండి రంగు మరకలు. అల్యూమినియం మెత్తన, పూతను గీకలేక తనే అరిగి, తనే దానికి పూసుకుంది. నంబరు బిళ్ళ అంచు చూసింది. గుండ్రంగా ఉండాల్సిన బిళ్ళ ఒక పక్క సగానికి సగం లేదు. కొరికినట్టు, అలలు అలలుగా అరిగిపోయి, తళతళ మెరుస్తోంది. ఎంతసేపు గీకితే అంత అరుగుతుంది. బొటనవేలి పేలిక గుర్తొచ్చింది. తాడుకు వేలాడే ముక్కతో గట్టిగా గీకు అని సారు చెప్పాడు. ఆయన సరిగ్గా దాంతోనే గీకాడు.

బిళ్ళ మీద మిగిలిన అంకెల్లో ఒక ఏడు ఉంది. ఎడమకు వాలిన ఏడు. స్టోరక్క కొట్టే ఏడు గోడకు కొట్టిన మేకులా నిటారుగా ఉంటుంది. వాలిన ఏడు ఈ షెడ్డులో ఒక్కరిదే.

పాత కడ్డీకి ఉక్కు ముక్క ఆనించి నాలుగు గీతలు గీకింది. అయిదో గీతకు బల్ల మీద రవ్వలు రాలాయి.

చప్పుడుకు స్టోరక్క వచ్చింది. చూసింది, అడిగింది, విన్నది. కేకలేస్తుందనుకుంటే వేయలేదు. గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. ఇప్పుడేమీ అనకు అంది. కొత్త కడ్డీకి ఈ ముక్క కట్టి పంపిద్దాం, జట్టుకు నిప్పు దొరుకుతుంది. బాబాయికి టీ గదిలో తడవడముండదు, జారిపడటముండదు, ఒక విధంగా సుఖమే. నీకు నెలాఖరు కానీ. తర్వాత ఎప్పుడో చల్లగా చెప్పుకోవచ్చు. నేను చేసినా ఇంతే చేసేదాన్ని, ఆ ఏడు నాది కానందుకు దేవుడికి దండం పెట్టుకుంటున్నా అంది. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

ఇంటికి పోయి మొగుడికి చెప్పింది. మాష్టారు ముందు ఫక్కున నవ్వాడు, ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు. వంకర పోయిన తాళంచెవిని సుత్తితో సరిచేయడం మొదలుపెట్టాడు.

"ఆటలో అప్పుడప్పుడూ ఒక పిల్లాడుంటాడు" అన్నాడు చివరికి. "నేను చూడకపోయినా వచ్చి, బంతి నా చేతికి తగిలింది సార్ అంటాడు. పాయింటు అవతలివాళ్ళకే ఇవ్వాలి. వాడికేమైనా ఇద్దామనిపిస్తుంది. ఆటలో దానికేమీ లేదు."

ఏం చేయాలో చెప్పమని ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు. తాళంచెవి మాత్రం మళ్ళీ పనిచేసింది.

*

శనివారం పొద్దున వాన దంచుతోంది. వ్యాను వెనక తలుపులు తెరిచి డ్రైవరు డేరాలు ఎక్కిస్తున్నాడు. జట్టువాళ్ళు షెడ్డు చూరు కింద వరసగా నిలబడి ఉన్నారు. డ్రైవరుకు ఏ వంట వచ్చో కనుక్కుంటున్నారు. ఉడకబెట్టడం వచ్చన్నాడు. ఏం ఉడకబెట్టడం అంటే, ఏదైనా అన్నాడు. కొలతల సారు గొడుగు పట్టుకుని సామాను పేర్లు చదువుతున్నాడు. చెకుముకి కడ్డీ అని చదివాడు.

పెళ్ళికూతురు షెడ్డులోంచి వానలోకి నడిచింది. చేతిలో పాత కడ్డీ, ఉక్కు ముక్క. సారు గొడుగు ముందు ఆగింది. గొడుగు కిందికి రమ్మన్నట్టు ఆయన కొంచెం జరిగాడు. ఆమె వెళ్ళలేదు.

"తప్పు కడ్డీదీ కాదు, బాబాయిదీ కాదు సార్. నాది" అంది.

పొద్దుటినుంచీ పేర్చుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి, అవేవీ గుర్తురాలేదు. ఉన్న సంగతి చెప్పింది. కంపెనీ బిళ్ళ అనుకుని గీకే ముక్కను తనే కత్తిరించి పారేసింది. దాని స్థానంలో నంబరు బిళ్ళ కట్టింది. మీరు వేలాడే ముక్కతో గీకమన్నారు, ఆయన దాంతోనే గీకాడు. జేబులోంచి అరిగిన బిళ్ళ తీసి సారు చేతిలో పెట్టింది. ఆయన దాన్ని వేలితో తడిమాడు. అంచు తగిలిన చోట వేలు ఆగింది. మొదటిసారి ఆయనకు సర్దడానికి ఏమీ కనపడలేదు.

అప్పటికే టీ పళ్ళెంతో బాబాయి వరండా మెట్ల మీదికి వచ్చి ఉన్నాడు. ఎంత విన్నాడో తెలియదు. ఆమె వెళ్ళి పళ్ళెం తీసుకుని, కడ్డీ, ఉక్కు ముక్క ఆయనకిచ్చింది. ఆయన ఉక్కు ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. గోటితో అంచు పరీక్షించాడు.

"ఇదా" అన్నాడు. అంతే.

తర్వాత వానలోకి దిగి, వ్యాను వెనక గొంతుక్కూర్చున్నాడు. మడత పొయ్యి అడిగాడు. డ్రైవరు పరుగున తెచ్చాడు. భుజం మీది జేబురుమాలు అంచు నుంచి నాలుగు పోగులు లాగి, ఉండ చేసి, లాంతరు కిరసనాయిలు చుక్క అద్దాడు. కడ్డీని పోగుల దగ్గర ఆనించి వీపుతో వానకు అడ్డుపడ్డాడు. మొదటి గీతకు రవ్వలు పోగుల పక్కన పడ్డాయి. రెండో గీతకు ఆయన భుజాల మధ్య నుంచి వెలుగు కనపడింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జట్టులో జ్వరపడ్డ కుర్రాడు దగ్గరికి వచ్చి, మంట మీద చేతులు పెట్టి కాచుకున్నాడు. గండం గడిచిందని డ్రైవరు అందరికీ వినపడేలా నిట్టూర్చాడు.

సారు ఎక్కమన్నట్టు వ్యాను వైపు చెయ్యి చూపించాడు. బాబాయి మంట ఆర్పి, పొయ్యి మడిచి, ఎక్కబోతుండగా స్టోరక్క షెడ్డు గుమ్మంలోంచి నంబరు బిళ్ళ లేకుండా కడ్డీ గడప ఎలా దాటిందని అరిచింది. పెళ్ళికూతురు చెక్క పిడి చూపించింది. నంబరు దాని మీదే కొట్టి ఉంది, వాలిన ఏడుతో సహా. స్టోరక్క దగ్గరికొచ్చి, చూసి, ఇలా కొట్టొచ్చని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం అని గొణుక్కుంటూ లోపలికి పోయింది.

"మరి టీ గదిలో ఎవరు?" అన్నాడు కొలతల సారు.

ఆయన పెళ్ళికూతురి చేతిలోని పళ్ళెం వైపు చూశాడు.

"బాబాయి వచ్చేదాకా నువ్వే చూడు. నీ కాగితం ఈ నెలకు ఆపుతున్నాను. తర్వాత చూద్దాం." గొంతులో కోపం లేదు. అది ఒక సామాను పేరు చదివినట్టే చదివాడు. అరిగిన బిళ్ళను మాత్రం ఆమెకు తిరిగిచ్చి, తను కూడా దాన్ని ఒకసారి చూసి ఉండాల్సిందని వానకు చెప్పినంత మెల్లగా అన్నాడు.

బాబాయి వ్యాను వెనక సామాను మీద కూర్చున్నాడు. తలుపు మూసేముందు వంగి, పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర్నుంచి కదలకు అమ్మాయ్, నీ మనసు ఒకచోట ఉండదు అన్నాడు. తిట్టాడో, దీవించాడో తెలియలేదు. వ్యాను మలుపు తిరిగేదాకా ఆమె పళ్ళెం పట్టుకుని నిలబడింది. గ్లాసుల్లో వాన నీళ్ళు నిండాయి.

*

టీ గది ఇరుకుగా, వెచ్చగా, ఉండగా ఉండగా బాగానే ఉంది. కిటికీలోంచి నేరేడు కొమ్మ కనపడుతుంది. లెక్కల గదివాళ్ళు టీలో చక్కెర ఎక్కువైందన్నారు, మర్నాడు తక్కువైందన్నారు, మూడోనాడు అలవాటు పడ్డారు. పెళ్ళికూతురు టీ అంటే తియ్యగానే ఉంటుందని ఎవరో అంటే, ఆమె నవ్వింది. ఈసారి నవ్వు రావడానికి కొంచెం ఆలస్యమైంది గానీ, వచ్చింది. గ్యాసు లైటరును అరలో పెట్టేసి పొయ్యిని ఎర్ర పిడి ఈల కడ్డీతో వెలిగిస్తోంది. రెండు మూడు గీతలు పట్టినా, గ్యాసుకు ఆ పిరికి రవ్వలే ఎక్కువ. అరిగిన నంబరు బిళ్ళను మేకుకు తగిలించింది. గాలి వీస్తే అది గోడకు తగిలి చిటుక్కుమంటుంది.

బుధవారం టీ గది గోడ మీది ఫోను మోగింది. కొండ కింది ఊరికి సరుకుల కోసం దిగిన డ్రైవరు. పెళ్ళికూతుర్ని పిలుస్తారా అన్నాడు. తనేనంది.

పైన వాన ఒక్క పూట కూడా ఆగలేదన్నాడు. కొలతలు సాగుతున్నాయి, ఎవరికీ జ్వరాల్లేవు, తను ఒళ్ళు చేస్తున్నాడు. బాబాయి ఒక మాట అడిగి రమ్మన్నాడట.

"రోజూ మొదటి గీతకే వెలుగుతోందని చెప్పమన్నాడు. అక్కడ నీకెలా ఉందో కనుక్కోమన్నాడు."

పొయ్యి మీద పాలు అంచులకు వస్తున్నాయి. ఆమె ఫోను తీగను సాగదీసి, ఒక చేత్తో మంట తగ్గించింది. మొదటి గీతకే అందామనుకుంది, నోటి దాకా వచ్చింది.

"మూడో గీతకు" అంది. "మూడో గీతకు వెలిగిందని చెప్పు."